ఇక్కడికి బాగానే వినపడుతోంది

ముందు జరిగింది వెనక, వెనక జరిగింది ముందు చెప్పేస్తానేమోనని భయపడుతూనే మొదలుపెడుతున్నాను. ఈ మధ్య నా బుర్ర అలాగే ఉంది. పొయ్యి మీద పాలు పెట్టానో లేదో చూద్దామని వంటింట్లోకి వెళ్తాను, దేనికి వచ్చానో మర్చిపోయి తిరిగొస్తాను. అందుకే తారీఖుల జోలికి పోవడం లేదు. ఎక్కడైనా వరస తప్పితే మా తమ్ముడి కూతురు సరిచేస్తుంది. దీన్ని మొదట చదివేది తనే. ఒక్క సంగతి మాత్రం తడుముకోకుండా చెప్పగలను. ఇది అర్ధరాత్రి జరిగింది కాదు. పట్టపగలు, పది గంటలకూ రెండు గంటలకూ మధ్య జరిగింది.

ఇది మా చెల్లెలి పిల్లల కథ. అక్కా, తమ్ముడూ. చెల్లెలు పోయాక నేను వాళ్ళ దగ్గరే ఉంటున్నాను. తమ్ముడు సాక్సఫోన్ వాయిస్తాడు. చిన్నప్పుడు కిరసనాయిలు గరాటు నోట్లో పెట్టుకుని ఇల్లంతా ఊదుకుంటూ తిరిగేవాడు. అప్పుడు పడిన పేరే, బూరగాడు. ఒకప్పుడు ఐదుగురు కలిసి వాయించేవారు. డ్రమ్ముల అతను దుకాణం పెట్టుకున్నాడు, గిటారు అతను పెళ్ళి చేసుకుని ఊరు మారాడు. ఒక్కొక్కరే జారుకున్నాక బూరగాడు ఒక్కడూ మిగిలాడు. వాళ్ళు వెళ్ళిపోయేలోగా వాళ్ళ వాయింపులన్నీ రికార్డు చేసి ఒక టాబ్లెట్‌లో దాచుకున్నాడు. వాటిని ట్రాకులంటారు. కాలితో ఒక మీట నొక్కితే స్పీకర్లోంచి డ్రమ్ములూ గిటారూ మొదలవుతాయి. వాటి మీద వీడు ఒక్కడే నిలబడి అసలు పాట ఊదుతాడు. విందులకీ వేడుకలకీ ఇలా ఒంటరి వాయిద్యగాణ్ణి పిలిపించుకోవడం ఇప్పుడు మామూలే. "నలుగుర్ని డబ్బాలో పెట్టుకుని తిరుగుతున్నాను పెద్దమ్మా. అలగరు, ఆలస్యంగా రారు" అని నవ్వేవాడు.

ఫోన్లు ఎత్తేదీ, మాట్లాడి కుదిర్చేదీ, హాల్లో శబ్దాలు హెచ్చించి తగ్గించే మిక్సర్ పెట్టె దగ్గర కూచునేదీ అక్క. తమ్ముడి కంటే ఆరేళ్ళు పెద్దది. పెళ్ళి మాట ఎత్తితే "ముందు వీడి ఊదుడు కానీ" అనేది.

కిందటేడు బూరగాడికి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. రెండు నెలలు మంచం పట్టాడు. లేచాడు గానీ ఊపిరి సగానికి సగం అక్కడే వదిలేసి లేచాడు. ఇదివరకు ఒక్క గుక్కలో నాలుగు వరసలు ఊదేవాడు. ఇప్పుడు రెండు వరసలకే ఆగి "హుఁ" అని గాలి లాక్కోవాలి. ఆ "హుఁ" అక్కకు కంఠతా వచ్చేసింది. వాడు ముందు గదిలో సాధన చేస్తుంటే పక్క గదిలో బట్టలు మడతపెడుతూ లోలోపల లెక్కపెట్టుకునేది. ఒకటి... రెండు... హుఁ. అది రావడం కాస్త ఆలస్యమైతే తన ఊపిరి తనే బిగబట్టేది.

జబ్బు సంగతి తెలిశాక పిలిచేవాళ్ళు తగ్గారు. ఎనిమిది నెలలు ఒక్క ఫోను రాలేదు. బూరగాడు పొద్దస్తమానం సాక్సఫోన్ పెట్టెను మూత తీయకుండా ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూచునేవాడు. పలకరిస్తే "ఆఁ" అనేవాడు. అంతే. జబ్బు కంటే ఆ కూచోవడానికే అక్క ఎక్కువ భయపడింది.

అలాంటప్పుడు ఒక బీమా ఆఫీసు మేనేజరు ఫోను చేశాడు. వాళ్ళ పెద్దాఫీసరు పదవీ విరమణ, మధ్యాహ్నం విందు. ఒక హోటలు కింద నేలమాళిగ హాలు. అతనికి ఒకటే పట్టు. గంటన్నర సేపు సంగీతం ఎక్కడా ఆగకూడదు. మధ్యలో నిశ్శబ్దం వస్తే జనం గడియారాలు చూసుకుంటారట. ఊదేవాడు నలభై నిమిషాలు వాయించి పావుగంట విశ్రాంతి తీసుకోవడం ఈ వృత్తిలో మామూలు. అక్క ఆ మాట చెప్పాలి. నోటిదాకా వచ్చిందట కూడా. కానీ కిటికీ దగ్గర కూచున్నవాడి వీపు చూసి, అలాగేనండీ అనేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తనే దారి చూపించింది. కష్టమైన నాలుగు పాటలు వాడు ముందే ఊది రికార్డు చేసి పెట్టుకోవాలి. విందులో అవి వచ్చినప్పుడు వాద్యం పెదవులకు ఆనించి వేళ్ళు కదిపితే చాలు. ఆ కాసేపూ ఊపిరి కూడదీసుకోవచ్చు. తినేవాళ్ళకు ఏం తెలుస్తుంది?

బూరగాడు కంచం పక్కకు జరిపాడు.

"డ్రమ్ముల్ని డబ్బాలో పెట్టొచ్చు అక్కా. ఊదేవాణ్ణి కూడా పెట్టేస్తే ఇక నేనెందుకు?"

"నువ్వు బతికి ఉండడానికిరా," అంది అక్క.

దాంతో వాడు ఒప్పుకున్నాడు. కాకపోతే ఇంట్లో రికార్డు చేస్తే వాద్యం గొంతు వేరుగా వస్తుందనీ, ఆ హాల్లోనే, విందుకు ముందు, శబ్దం పరీక్ష చూసుకునేటప్పుడే చేస్తాననీ అన్నాడు.

ఆ రోజు నన్ను కూడా తీసుకెళ్ళారు. ఇంట్లో ఒంటరిగా వదిలితే పొయ్యి వెలిగించి మర్చిపోతానని. పది గంటలకు చేరాం. హాలుకు దిగడానికి ఇరవై ఎనిమిది మెట్లు. పైన స్వెటరు వేసుకున్న ముసలి కాపలాదారు ఒక పుస్తకం ముందు పెట్టుకుని కూచున్నాడు. పనిమీద వచ్చినవాళ్ళు పేరు రాసి, లోపలికి వెళ్ళేటప్పుడు ఒక సంతకం, బయటికి వచ్చేటప్పుడు ఒక సంతకం పెట్టాలి. కింద ఎవరైనా ఉండగా తాళం పడకూడదని ఆ ఏర్పాటట.

"మీరేం వాయిస్తారండీ?" అని నన్నడిగాడు.

"నేను దగ్గుతాను బాబూ," అన్నాను. అప్పట్లో నాకు పొడిదగ్గు, పట్టుకుంటే వదిలేది కాదు.

వరసగా మూడు పేర్లు పడ్డాయి. అక్కది, బూరగాడిది, నాది.

హాలు పొడుగ్గా, కిటికీలు లేకుండా, రైలు సొరంగంలా ఉంది. అతిథులు వచ్చేదాకా పెద్ద దీపాలు వెయ్యరట. వేదిక మీద ఒక్క బల్బు వెలుగుతోంది. దాని వెలుగు నాలుగు బల్లల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ వెనక తెల్ల దుప్పట్లు కప్పిన బల్లలు మసగ్గా, ఇంకా వెనక ఏమీ లేదు. తడిసిన తివాచీ వాసన. దాని మీద నేల తుడిచే మందు వాసన. ఆ రెండింటి కిందా, చాలాకాలం మూత పెట్టి వదిలేసిన ఫ్లాస్కు తెరిస్తే వచ్చే వాసన. ఏసీ గాలి ఎక్కడో గొట్టంలో ఈల వేస్తోంది. వేదిక దగ్గర గాలి తగిలి దగ్గు వస్తోందని నన్ను అన్నిటికంటే వెనక, గోడ పక్క బల్ల దగ్గర కూచోబెట్టారు.

అక్క ముందు మిక్సర్ పెట్టె ఉంది. ఆ రోజు దాని మీద మూడు జారుడు మీటలు పనిలో ఉన్నాయి. ఒకటి ట్రాకులకు. ఒకటి బూరగాడి మైకుకు. మూడోది కొత్తగా రికార్డు చేయబోయే ఊదుడుకు. ఒక్కో మీట పక్కన చిన్న ఆకుపచ్చ దీపం. దాని దారిలో శబ్దం వెళ్తుంటే మినుకుమంటుంది, లేకపోతే ఆరిపోయి ఉంటుంది.

బూరగాడు నాలుగు పాటలూ ఊదాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. రెండు వరసలకొక "హుఁ". నాలుగో పాట అయ్యేసరికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. కాస్త తేరుకుని, వాద్యాన్ని దాని స్టాండు మీద పెట్టి, రికార్డు చేసిందాన్ని మొదటి నుంచీ పెట్టి వేదిక దిగాడు.

ఇది వాడి అలవాటు. బృందం ఉంటే ఒకరు వాయిస్తుంటే ఒకరు వెనక్కి వెళ్ళి వింటారు. ఒక్కడే అయినప్పుడు వాయించేవాడూ వినేవాడూ తనే కావాలి. అందుకని రికార్డును వేదిక మీద వదిలి, నడుచుకుంటూ హాలు చివరి కుర్చీ దాకా వెళ్తాడు. అక్కడ కూచుని విని, "అక్కా, ఇక్కడికి బాగానే వినపడుతోంది" అని కేకేస్తాడు. ఆ కేక వినపడితేనే అక్క మిక్సర్ దగ్గర్నుంచి లేస్తుంది.

చీకట్లో వాడు నా దగ్గరికి వచ్చాడు. భుజం మీద చెయ్యి వేశాడు. నా పక్క కుర్చీ లాగాడు. కుర్చీ కాళ్ళు తివాచీ మీద రాసుకున్న చప్పుడు నాకు బాగా గుర్తుంది. ఆ తరవాతది గుర్తు లేదు. కునుకు పట్టిందేమో. ఇక్కడి నుంచి అక్క చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

వేదిక మీద ఎవరూ లేరు. స్పీకర్లోంచి బూరగాడు ఊదుతున్నాడు. అక్క అలవాటుగా లెక్కపెడుతోంది. ఒకటి... రెండు... హుఁ. మొదటి పాట అయింది. రెండో పాట కూడా. రికార్డులో వాడి ఆయాసం అంతా పడింది, దీన్ని చెరపాలి అనుకుంది.

మూడో పాటలో ఒకటి... రెండు... మూడు...

రాలేదు.

నాలుగు. ఐదు. పాట సాగుతూనే ఉంది. నున్నగా, ఎక్కడా తెగకుండా. జబ్బుకు ముందు కూడా వాడు అంత పొడుగు ఊదలేదు. పది... పదకొండు... అక్క తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. తన ఛాతీ మండుతోంది. స్పీకరుకు ఏ మంటా లేదు.

టాబ్లెట్ వైపు చూసింది. వినపడేది మూడో పాటే, గీత మాత్రం నాలుగూ అయిపోయినట్టు చివరికి చేరి ఆగి ఉంది. ఊదుడు ఆగలేదు. ఆపే గుర్తు మీద వేలు పెట్టి నొక్కింది. ఆ పాట తొందరేమీ లేనట్టు, తన వరస తను పూర్తి చేసుకుని... అప్పుడు ఆగింది.

"ఒరేయ్... వినపడిందా?"

చీకట్లోంచి జవాబు లేదు.

"ఒరేయ్..."

ఎక్కడో చివర నా దగ్గు వినపడిందట, ఒక్కసారి. పెద్దమ్మ ఉందిలే అని అక్క కాస్త కుదుటపడింది. వేదిక వైపు తిరిగింది. స్టాండు ఖాళీగా ఉంది. బల్బు కింద బూరగాడు నిలబడి ఉన్నాడు. మెళ్ళో పట్టీ, చేతిలో వాద్యం. వాడు తనను దాటి వెళ్ళడం ఆమె చూడలేదు. చొక్కా పొడిగా ఉంది.

"బాగానే ఉంది," అన్నాడు.

అక్కా అని మాత్రం అనలేదు.

ఇంతలో పెద్ద దీపాలు వెలిగాయి, అతిథులు దిగడం మొదలైంది. గోడ పక్క బల్ల దగ్గర నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని అందరినీ చూసి నవ్వుతూ కూచున్నానట. నా పక్క కుర్చీ వెనక్కి లాగి ఉందట. ఖాళీగా.

విందు మొదలైంది. మేనేజరు కోరినట్టే, ఎక్కడా ఆగలేదు. బూరగాడు బల్లల మధ్య తిరుగుతూ ఊదాడు. జనం చెంచాలు ఆపి విన్నారు. విరమణ చేసిన పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. మేనేజరు అక్క పక్కకు వచ్చి వంగి, జబ్బు చేసిందన్నారు, ఎక్కడమ్మా జబ్బు అని మెచ్చుకుని వెళ్ళాడు.

అక్క కళ్ళు మిక్సర్ మీద ఉన్నాయి. ట్రాకుల దీపం మినుకుమంటోంది. బూరగాడి మైకు దీపం ఆరిపోయి ఉంది. మూడో దీపం... ఆపేసిన రికార్డు దీపం... ఆడుతోంది.

ముందు తీగ ఊడిందేమో అనుకుంది. తడిమి చూసింది. గట్టిగానే ఉంది. తలెత్తి తమ్ముణ్ణి చూసింది. వేళ్ళు కదులుతున్నాయి. బుగ్గలు కదలడం లేదు. మెడ నరం ఉబ్బడం లేదు. ఛాతీ... గోడలా ఉంది.

మూడో మీట మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరిపింది. హాల్లో ఊదుడు సన్నబడింది. ఆ కొసన బూరగాడు నడుస్తున్నవాడల్లా ఆగాడు. తిరిగి ఆమె వైపు చూశాడు. ఇంకాస్త జరిపింది. వాడి ముఖంలో రంగు పోయింది. మోకాళ్ళు వంగాయి. పక్కనున్న ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. వాడు పెదవుల నుంచి వాద్యం తీయలేదు, చెయ్యి చాపలేదు, చూస్తూనే ఉన్నాడు. మంచం పట్టిన రెండు నెలలూ అక్కను అలాగే చూసేవాడు... నీళ్ళు కావాలన్నప్పుడు.

ఇంకొక వేలెడు జరిపితే అడుగుకు చేరుతుంది.

అక్క మీటను పైకి తోసేసింది.

ఊదుడు నిండుగా లేచింది. వాడు నిటారుగా నిలబడి తరవాతి బల్ల వైపు నడిచాడు. జనం చప్పట్లు కొట్టారు.

"నేనే తోశాను పెద్దమ్మా. నా చేత్తోనే," అంది నాతో. ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో. నాకు మతిమరుపు కదా అని ప్రతిసారీ కొత్తగా చెప్పేది. ఇదొక్కటి నేను మర్చిపోలేదు.

అంతా అయ్యాక సామాను సర్దుకున్నారు. సాక్సఫోన్ ఊదితే నోటి ఆవిరి లోపల నీరవుతుంది. ఒక మెత్తటి గుడ్డను దారం కట్టి గొట్టంలోంచి లాగి ఆరబెట్టాలి. గంటన్నర ఊదితే ఆ గుడ్డ పిండితే కారుతుంది. ప్రతిసారీ ఇంటికి తెచ్చి ఉతికేది అక్కే. ఆ రోజు గుడ్డ లాగింది. ఇస్త్రీ చేసినట్టు పొడిగా వచ్చింది. నోటి దగ్గర పెట్టే రీడు, వెదురు బద్ద... అది కూడా పొడే. బూరగాడు స్పీకరును భుజాన వేసుకుని ఇరవై ఎనిమిది మెట్లూ ఎక్కేశాడు. పైన ఆయాసపడలేదు. ముగ్గురం కాపలాదారు పుస్తకంలో సంతకాలు పెట్టామట. పెట్టడం అక్క కళ్ళారా చూసింది.

మర్నాటి నుంచి ఫోన్లు ఆగలేదు. ఆ విందులో విన్నవాళ్ళంతా పిలుస్తున్నారు. బూరగాడు ఇప్పుడు కిటికీ దగ్గర కూచోవడం లేదు. పొద్దున్నే లేస్తాడు, పెట్టిందల్లా తింటాడు, ఎంతసేపు వాయించమన్నా వాయిస్తాడు. అక్క కోరుకున్నది అదే. పక్క గదిలో బట్టలు మడతపెడుతూ లెక్కపెడుతుంది. నూట ఇరవై దాకా వెళ్ళి మానేస్తుంది.

పది రోజుల తరవాత వాడు స్నానానికి వెళ్ళినప్పుడు ఆ రికార్డు తెరిచి చెవికి పెట్టుకుంది. నాకు కూడా వినిపించింది. పాట లేదు. ఒక్క వరస కూడా లేదు. ఏసీ ఈల ఉంది. తివాచీ మీద అడుగులు, దూరంగా పోతున్నవి. కుర్చీ రాసుకున్న చప్పుడు. ఆ తరవాత... హుఁ. కాసేపాగి... హుఁ. చాలాసేపటికి, హాలు ఆ చివర్నుంచి, మా బూరగాడి గొంతు.

"అక్కా, ఇక్కడికి బాగానే వినపడుతోంది."

మళ్ళీ హుఁ. మళ్ళీ అదే మాట. ఒక్కోసారికి గొంతు కొంచెం అలిసిపోతోంది. మధ్యలో ఎవరో దగ్గారు. ఎవరది అని అడిగాను. అక్క చప్పున ఆపేసి నా వైపు చూసింది.

తలుపు దగ్గర బూరగాడు నిలబడి ఉన్నాడు, తల తుడుచుకుంటూ.

"దాన్ని చెరిపేయ్," అన్నాడు నెమ్మదిగా. "చోటు దండగ."

చెరిపేశానని చెప్పింది. చెరపలేదు. వాడు పడుకున్నాక రోజూ ఒకసారి తెరిచి, మీటను పైదాకా తోసి, మా మామూలు ట్రాకు ఒకటి తగ్గు స్వరంలో పెడుతుంది. హాలు చివర కూచున్నవాడికి విసుగు పుట్టకుండా.

నిన్న ఆ హోటలుకు వెళ్ళివచ్చింది. తీగ మర్చిపోయానని సాకు చెప్పి కాపలాదారు పుస్తకం తిరగేసిందట. తన పేరు ఎదురుగా రెండు సంతకాలున్నాయి. తమ్ముడి పేరు ఎదురుగా లోపలికి వెళ్ళిన సంతకం ఒక్కటే. రెండో గడి తెల్లగా ఉంది, కలం తగిలిన గుర్తు కూడా లేదు. ఇంతవరకూ చెప్పి ఆగింది. మూడో పేరు సంగతి అడిగితే లేచి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చిపెట్టింది.

అమ్మాయీ, దీన్ని మొదట చదివేది నువ్వే కదా, వరసలు తప్పులుంటే దిద్దుకో, దానికేం లేదు. నీకు వీలున్నప్పుడు ఒక్కసారి ఆ హోటలు దాకా వెళ్ళి, ఆ రోజు పేజీలో పేర్లు సరిచూడు. నాకు ఆ కుర్చీ చప్పుడు తరవాత మెట్లు ఎక్కినట్టు గుర్తు లేదు. మతిమరుపే అయి ఉంటుంది. ఆ రోజు నుంచి దగ్గే రాక నా దగ్గుమందు సీసా మూత తీయనే లేదు. నా పేరు ఎదురుగా రెండో సంతకం ఉందో లేదో... చూసి చెప్పు.